యాభై ఎనిమిది నిమిషాల దూరం

భీమిలి కొండ వదిలి పదకొండు నిమిషాలైంది. వడిసెల ఇంజన్లు ఆగిపోయాయి.

ఆగాల్సిన వేళకే ఆగాయి, సెకను అటూ ఇటూ కాకుండా. అయినా కెప్టెన్ మైలపల్లి హైమవతి చెయ్యి తనకు తెలియకుండానే మీట మీదికి పోయింది. ఇరవై నాలుగేళ్లలో పద్నాలుగు వేల ఆరు వందల గంటలు విమానాలు నడిపిన మనిషి. ఇంజన్ చప్పుడు ఆగితే కంగారు పడాలని ఆ గంటలన్నీ ఆమెకు నేర్పాయి. ఇవాళ ఆ చప్పుడు ఆగినందుకు సంతోషించాలి.

వెనక సీట్లో డాక్టర్ తలారి ప్రభుదాస్ ఉన్నాడు. ఈ యంత్రాన్ని ఊహించి, గీసి, పదహారేళ్లు పోరి కట్టించిన శాస్త్రవేత్త ఆయనే. మనుషులతో చేస్తున్న తొలి ప్రయోగం ఇది. ఇద్దరు ఎక్కితే చాలని నిర్ణయించినప్పుడు, ఆ రెండో మనిషిని నేనేనని పట్టుబట్టాడు. ఆయనకేమైనా అయితే ఎలాగని తోటివాళ్లు అడిగితే, నేను కట్టినదాంట్లో నేనే ఎక్కకపోతే ఇంకెవరు ఎక్కుతారని ఎదురడిగాడు.

వడిసెల అంటే చేలల్లో పిట్టల్ని తోలడానికి రాయి పెట్టి గిరగిరా తిప్పి విసిరే తాడు. యంత్రానికి ఆ పేరు ఊరికే పెట్టలేదు. కొండ వాలున పద్నాలుగు కిలోమీటర్ల పొడవున అయస్కాంతపు పట్టాలు పరిచారు. విమానం వాటిని తాకకుండా తేలుతూ జారుతుంది. జారేకొద్దీ వేగం పుంజుకుని, చివరికి వచ్చేసరికి సముద్రం మీదికి విసిరేసినట్టు పోతుంది. అక్కడ రాకెట్ ఇంజన్లు అందుకుంటాయి. పది నిమిషాలు మండి, గాలి లేనంత ఎత్తుకు చేర్చి ఊరుకుంటాయి. గాలి లేదు కాబట్టి అడ్డుకునేది లేదు. వడిసెల వదిలిన రాయి ఎలా పోతుందో విమానమూ అలాగే పోతుంది. అవతల ఒడ్డు దగ్గర పడ్డాక మళ్లీ గాలిలోకి దిగి, ఇంజన్ల సాయం లేకుండానే గద్దలా తేలుతూ వచ్చి రన్‌వే మీద వాలుతుంది. తిరిగి రావడానికి అవతల ఒడ్డునా అలాంటి పట్టాలే ఉన్నాయి.

గ్లోబు మీద దారం పెట్టి కొలిస్తే విశాఖపట్నం నుంచి పెరూ దేశంలోని లీమాకు పడమటి దారిన పదిహేడు వేల ఎనిమిది వందల కిలోమీటర్లు. ఆ దారిలో చాలా భాగం ఊళ్ల మీదుగా పోవాలి. ఆ దేశాలన్నీ అనుమతి ఇచ్చేసరికి తన మనవలు రిటైరవుతారని ప్రభుదాస్ తూర్పు దారి పట్టాడు. అది ఇరవై రెండు వేల రెండు వందల కిలోమీటర్లు, దాదాపు అంతా సముద్రమే. దగ్గర దారి ఉండగా చుట్టుదారి పట్టినా ప్రయాణం యాభై ఎనిమిది నిమిషాలు. మామూలు విమానాల్లో రెండుచోట్ల దిగి ఎక్కుతూ పోతే ఒకటిన్నర రోజు.

సాయంత్రం నాలుగింటికి బయల్దేరారు. పావుగంట దాటగానే సంధ్య ఎదురొచ్చింది. ఆ వెంటనే చీకటి, చుక్కలు. హైమవతి ఇంకా చుక్కలు చూస్తుండగానే ముందు అంచున సన్నటి ఎర్రగీత కనబడింది. పసిఫిక్ సముద్రం మీద తెల్లవారుతోంది.

"రాత్రి ఎంతసేపు పట్టింది కెప్టెన్ గారూ?" అన్నాడు ప్రభుదాస్ వెనకనుంచి.

"ఇరవై ఆరు నిమిషాలు డాక్టర్ గారూ."

తర్వాత చూస్తే హెల్మెట్ అద్దం లోపల ఆయన కళ్లు తడిసి ఉన్నాయి.

లీమాలో దిగేసరికి అక్కడి గడియారం ఉదయం ఆరుగంటల ఇరవై ఎనిమిది నిమిషాలు చూపిస్తోంది. తేదీ మారలేదు. సాయంత్రం బయల్దేరి అదే రోజు ఉదయానికి చేరుకున్నారు. జాలరిపేటలో పుట్టి, బోటు సరంగు కూతురిగా పెరిగిన హైమవతి, ప్రపంచంలో ఏ పైలట్టూ అంతవరకు చేయని పని చేసి, నిచ్చెన దిగి ఆ నేల మీద నిలబడింది.

తిరిగొచ్చాక ప్రభుదాస్ ఒకరోజు వాళ్లింటికి భోజనానికి వచ్చాడు. హైమవతి తల్లి పోలమ్మ కూతురి దగ్గరే ఉంటుంది. డెబ్బై నాలుగేళ్ల మనిషి. నలభై ఏళ్లు చేపల గంప మోసిన మెడ ఇప్పటికీ నిటారుగానే ఉంటుంది. వంజరం పులుసు వడ్డిస్తూ, లీమా ఎంత దూరం బాబూ అని అడిగింది.

"యాభై ఎనిమిది నిమిషాలమ్మా," అన్నాడు ఆయన.

"నాను దూరం అడిగితే నువ్వు టైము సెప్తావేటి?"

"ఇప్పుడు రెండూ ఒకటేనమ్మా."

పోలమ్మ గరిటె గిన్నెలో పెట్టింది. తన పెనిమిటి ఎదురుగాలికి పూటంతా తెడ్డేసినా పడవ ఉన్నచోటే ఉన్న రోజులున్నాయంది. దూరం సున్నా, మరి ఆ పూట ఎక్కడికి పోయినట్టు అని అడిగింది. ప్రభుదాస్ నవ్వి, మరో ముక్క వేయించుకున్నాడు.

ఏప్రిల్ నుంచి ప్రయాణికులతో వడిసెల తిరగడం మొదలైంది. ఒక్కో విడతకు అరవైమంది. నడపడానికి ఆరుగురు పైలట్లను ఎంచి శిక్షణ ఇచ్చారు. వాళ్లకు పెద్ద హైమవతే. బయల్దేరేటప్పుడు ఒంటి బరువు మూడింతలవుతుంది, పైన రేడియేషన్ ఉంటుంది, కాబట్టి ఏ పైలట్టూ నెలకు రెండుసార్లకు మించి పోయిరాకూడదని డాక్టర్లు గట్టిగా చెప్పారు. మిగతా రోజుల్లో వాళ్లకు పనల్లా స్కూళ్లకు, కాలేజీలకు వెళ్లి మాట్లాడటం. ఎక్కడికి వెళ్లినా పిల్లలు లేచి నిలబడేవాళ్లు. విశాఖ ఎయిర్‌పోర్టులో ఆమె ఫొటో రెండంతస్తుల ఎత్తున పెట్టారు. హైమవతికి అది నచ్చలేదని చెబితే అబద్ధమే. ఎయిర్‌పోర్టుకు వచ్చిన ప్రతిసారీ, తన దారి అటు కాకపోయినా, ఆ గోడ పక్కనుంచే వెళ్లేది.

ఆగస్టులో అసలు పరీక్ష వచ్చింది.

ఆ రోజు వడిసెలలో ఆమె పక్కన కో-పైలట్ ఇర్ఫాన్ ఉన్నాడు. ముప్ఫై ఎనిమిదేళ్లవాడు, నిదానస్తుడు. ఆగస్టులో లీమా తీరాన్ని పొద్దున్నపూట మంచు కప్పేస్తుంది. ఎప్పటిలాగే గాలిలోకి దిగారు. గాలి రాపిడికి విమానం చుట్టూ మండిన నిప్పు చల్లారింది. గాలి వేగాన్ని కొలిచే గొట్టాలు మూతలు తెరుచుకుని బయటికి వచ్చాయి. అప్పుడు రన్‌వే ఇంకా నలభై ఆరు కిలోమీటర్ల దూరంలో ఉంది. కింద సముద్రం, దాని మీద దూదిపరుపులా మంచు.

తెర మీద వేగం అంకె పడిపోవడం మొదలుపెట్టింది. చాలా తొందరగా పడిపోతోంది. మూడు కంప్యూటర్లూ ఒకే మాట చెప్పాయి: వేగం చాలదు, ముక్కు కిందికి దించుతున్నాం.

విమానం ముక్కు దించితే వేగం పెరుగుతుంది, ఎత్తు తరుగుతుంది. ఇంజన్ ఉన్న విమానం పోయిన ఎత్తును మళ్లీ సంపాదించుకోగలదు. వడిసెలకు ఆ దారి లేదు. ఒకసారి ఎత్తు పోతే రన్‌వేకి ఇవతలే సముద్రంలో దిగాలి.

స్పీడ్ పడిపోతోంది కెప్టెన్ అని ఇర్ఫాన్ మెల్లగా చెప్పాడు. హైమవతి వినలేదు. ఆమె మరొకటి వింటోంది. వేగం తగ్గిన విమానం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. సీటు కింద వణుకు బరువుగా, ఆగి ఆగి, ఎద్దుబండి రాళ్లమీద పోతున్నట్టు వస్తుంది. చేతిలో పిడి వదులైపోతుంది. బంగాళాఖాతం మీద తుఫాను అంచుల్లో, పోర్ట్‌బ్లెయిర్‌కు సరుకుల విమానం నడిపిన రోజుల్లో ఆ వణుకు ఆమె ఒంటికి బాగా పరిచయం. ఇప్పుడు సీటు కింద ఉన్నది అది కాదు. సన్నటి, చురుకైన అదురు. జల్లెడ పడుతున్నట్టు. పిడి బిగువుగానే ఉంది.

వేగం బాగానే ఉంది. అంకె తప్పు.

"ఆటోమేటిక్ తీసేస్తున్నాను," అంది. "ఇర్ఫాన్, ఎత్తు ఒక్కటే చదువు. స్పీడ్ చూడకు."

అలారాలన్నీ ఒక్కసారి మొదలయ్యాయి. ఎర్రటి అక్షరాలు తెరలన్నిటి మీదా వెలిగాయి. ఆమె విమానం ముక్కును పైకే పట్టి ఉంచింది. వెనక అరవైమంది ఉన్నారు. తన ఒళ్లు చెబుతున్నది తప్పయితే వాళ్లందరూ పోతారు. నలభై సెకన్లు. ఇర్ఫాన్ గొంతు వణక్కుండా ఎత్తు చదువుతూనే ఉన్నాడు. నలభై ఒకటో సెకనులో, గొట్టాల్లో పేరుకున్న మంచుగడ్డ కరిగి కాబోలు, తెర మీద అంకె ఎగిరి అసలు చోటికి వచ్చి నిలబడింది. ఆమె పట్టిన వేగం అదే. రెండు వందల మీటర్ల ఎత్తున పొగమంచు చీల్చుకుని బయటపడితే, రన్‌వే దీపాల వరస సరిగ్గా ముక్కుకు ఎదురుగా ఉంది.

ప్రయాణికుల్లో చాలామందికి ఏం జరిగిందో తెలియనే లేదు. ఒకాయన దిగుతూ, ఇవాళ కాస్త కుదుపు ఎక్కువైందమ్మా అన్నాడు.

ప్రభుదాస్ ఆ నలభై సెకన్ల రికార్డును రెండు వారాలు కూర్చుని చదివాడు. గొట్టాలకు వేడి చాలలేదని తేల్చి, వాటిని మార్పించాడు. హైమవతికి దేశం పతకం ఇచ్చింది. అప్పటికి సెప్టెంబరు. పతకం ఇచ్చిన నెలలోనే లైసెన్సింగ్ బోర్డు నుంచి ఆమెకో ఉత్తరం కూడా వచ్చింది.

ప్రయాణికుల విమానం నడిపే ప్రతి పైలట్టూ ఆరు నెలల్లో కనీసం తొంభై గంటలు ఎగిరి ఉండాలి. పాత నిబంధన. హైమవతి ఏప్రిల్ నుంచి ఇరవై నాలుగుసార్లు లీమా దారిలో ఎగిరింది. ఆ దూరమంతా కలిపితే చందమామ దాకా వెళ్లి, తిరుగుదారిలో మూడోవంతు పైగా వచ్చేసినంత. భూమి మీద పుట్టిన ఏ పైలట్టూ ఆరు నెలల్లో అంత దూరం పోలేదు. గంటల్లో చెబితే మాత్రం ఇరవై మూడు గంటల పన్నెండు నిమిషాలు. తగినంతగా ఎగరనందువల్ల మీ లైసెన్సు ఎందుకు నిలిపివేయకూడదో చెప్పగలరు అని ఉత్తరం మర్యాదగా అడిగింది. మిగతా ఐదుగురికీ అలాంటివే వచ్చాయి.

హైమవతి నవ్వింది. ప్రభుదాస్ నవ్వలేదు. ఆయన నేరుగా ఢిల్లీ వెళ్లి విచారణ కోరాడు. ఆయన ప్రతిపాదన తేలిగ్గా అర్థమయ్యేదే. వడిసెల పైలట్లకు గంటలు వదిలేసి కిలోమీటర్లు చూడాలి. మామూలు జెట్ విమానం గంటకు తొమ్మిది వందల కిలోమీటర్లు పోతుంది కాబట్టి ప్రతి తొమ్మిది వందల కిలోమీటర్లూ ఒక గంటగా లెక్కించాలి. అలా చూస్తే హైమవతికి ఐదు వందల తొంభై రెండు గంటలు వస్తాయి.

విచారణ రోజున ఆయన చాలా బాగా మాట్లాడాడు. నడక కాలంలో పెట్టిన కొలతతో రైలును కొలవకూడదన్నాడు. ముగ్గురు సభ్యులూ తలలూపారు. అధ్యక్షురాలు కలం చేతిలోకి తీసుకుని, నామమాత్రానికి అన్నట్టు హైమవతి వైపు తిరిగి, మీరేమైనా చెబుతారా అని అడిగారు.

కృతజ్ఞతలు చెప్పి కూర్చుంటే సరిపోయేది. హైమవతి అందుకే లేచింది కూడా. లేచాక సీటు కింద జల్లెడ అదురు గుర్తొచ్చింది. దానికి ముందు బంగాళాఖాతం మీద గడిపిన ఏళ్లు గుర్తొచ్చాయి. ఏ విశేషమూ లేని, ఎవరూ ఫొటో తీయని వేల గంటలు.

"మేడమ్, డాక్టర్ గారి ప్రతిపాదన ఒప్పుకోకండి," అంది.

ప్రభుదాస్ గిరుక్కున ఆమె వైపు తిరిగాడు.

"వడిసెలలో నేను కూర్చునేది యాభై ఎనిమిది నిమిషాలు. అందులో విమానం నిజంగా నా చేతిలో ఉండేది ఆఖరి ఆరు నిమిషాలు. ఆగస్టులో ఆ రోజు అంకె తప్పని నాకెవరూ చెప్పలేదు. పాత విమానంలో ఎన్నో వేల గంటలు కూర్చున్నాను కాబట్టి ఒళ్లు చెప్పింది. ఇంకో రెండేళ్లు వడిసెల ఒక్కటే నడిపితే నాకా తెలివి పోతుంది. నా తర్వాత నేరుగా వడిసెలకే వచ్చేవాళ్లకు అసలది రానే రాదు. వాళ్ల వెనక కూడా అరవైమంది ఉంటారు."

ఆమె కూర్చుంది. అధ్యక్షురాలు కలం బల్ల మీద పెట్టేశారు. నిబంధన ఉన్నది ఉన్నట్టే ఉండాలని ఆ మధ్యాహ్నమే తీర్పు వచ్చింది. ఆరుగురి వడిసెల లైసెన్సులూ ఆగిపోయాయి, హైమవతిది అందరికంటే ముందు. గంటలు నింపుకోవడానికి మామూలు విమానాలు మాత్రం నడపవచ్చన్నారు.

బయట వరండాలో ప్రభుదాస్ ఆమెకు ఎదురుపడ్డాడు. ముఖం ఎర్రబడి ఉంది. పదహారేళ్లు అందరితో పోరాడాను, చివరికి మీరు అడ్డుపడతారనుకోలేదని అన్నాడు.

"మీ యంత్రం పడకూడదనే అడ్డుపడ్డాను డాక్టర్ గారూ."

తిరుగుప్రయాణంలో ఇద్దరివీ పక్కపక్క సీట్లే అయినా, ఆయన దారంతా కిటికీ వైపు తిరిగే కూర్చున్నాడు.

అలా ప్రపంచంలోకెల్లా వేగంగా పోయే విమానం భీమిలి కొండ మీద షెడ్డులో కవరు కప్పుకుని కూర్చుంది. దాన్ని నడిపే ఆరుగురూ గంటలు వెతుక్కుంటూ బయల్దేరారు. గంటలు కావాలంటే నిదానంగా పోయే విమానాలే దిక్కు. హైమవతి తన పాత కంపెనీకి వెళ్లి పని అడిగింది. పోర్ట్‌బ్లెయిర్ దారిలో, రెక్కలకు పంకాలు తిరిగే పాత విమానం ఇచ్చారు. పన్నెండు వందల కిలోమీటర్లకు రెండుముప్పావు గంటలు. ఉన్న ఇరవై మూడు గంటలూ కలుపుకోవడానికి బోర్డు ఒప్పుకుంది కాబట్టి, వాటి మీద పదమూడుసార్లు పోయిరాగలిగితే తొంభై గంటలు నిండుతాయి. ఆ తర్వాత కూడా వడిసెల నడపాలంటే ప్రతి ఆరు నెలలకూ ఇదే తంతు.

మొదటిరోజు పిడి పట్టుకోగానే అరచేతులకు ఆ పాత వణుకు తగిలింది. ఎప్పుడో విడిచిపెట్టిన ఊళ్లో వీధి పేరు గుర్తొచ్చినట్టయింది ఆమెకు. పక్కన ఇర్ఫాన్ కూర్చుని ఉన్నాడు. అతనికీ గంటలు కావాలి.

అక్టోబరు చివర్లో ఒకరోజు ప్రయాణికుల్లో ప్రభుదాస్ కనబడ్డాడు. చేతిలో చిన్న పెట్టె. సీట్ల కింద అదురును కొలిచే పరికరం అది. వేగం మారినప్పుడల్లా అదురు ఎలా మారుతుందో రాసుకుని, వడిసెల కంప్యూటర్లకు నేర్పాలని ఆయన ఆలోచన. కెప్టెన్ గారి ఒంటికి తెలిసింది యంత్రానికి తెలియకపోవడం తనకు తలవంపులని ఇర్ఫాన్‌తో అన్నాడట. వరసగా ఎనిమిదిసార్లు ఆయన ఆ విమానం ఎక్కాడు. మొదట్లో ఇంకెంతసేపని గంట గంటకూ అడిగేవాడు, నాలుగోసారి నుంచి అడగడం మానేశాడు.

డిసెంబరు మొదట్లో హైమవతికి పదమూడో విడత మిగిలింది. ఆ రోజు ఆమె తల్లిని వెంట తీసుకెళ్లింది. పోలమ్మకు కూతురి విమానం ఎక్కాలని ఏప్రిల్ నుంచీ కోరిక. గుండెకు మూడింతల బరువు ఆగదని వడిసెల డాక్టర్లు ఒప్పుకోలేదు. పంకాల విమానానికి అలాంటి షరతులేమీ లేవు. నాలుగో వరసలో కిటికీ పక్కన సీటు ఇప్పించింది. పక్క సీటులో, పోర్ట్‌బ్లెయిర్ అవతల దిగ్లీపూర్‌లో కొబ్బరితోట ఉన్న ఓ పెద్దాయన కూర్చున్నాడు.

విమానం బయల్దేరి పైకి చేరాక కెప్టెన్ పేరు మైకులో వినబడింది. అంతే, పోలమ్మ ఆయన వైపు తిరిగిందని ఎయిర్‌హోస్టెస్ వచ్చి చెప్పింది. టిఫిన్ తీసుకెళ్లినప్పుడు పట్టాల మీద వడిసెల జారడం గురించి చెబుతోందట. గంట తర్వాత టీ తీసుకెళ్తే పసిఫిక్ మీద తెల్లవారుతోందట. టీ చల్లారిపోయింది, ఇద్దరూ ముట్టలేదు.

పోర్ట్‌బ్లెయిర్‌లో దిగారు. చక్రాలు నేలను తాకిన క్షణానికి హైమవతికి తొంభై గంటలు దాటాయి. ఇర్ఫాన్ చెయ్యి కలిపాడు. ఆమె కాగితాల మీద సంతకం చేసి, టోపీ పెట్టుకుని, ప్రయాణికులకు వీడ్కోలు చెప్పడానికి బయటికి వచ్చింది. అందరూ దిగిపోయారు. నాలుగో వరసలో ఇద్దరు మాత్రం కదల్లేదు. పోలమ్మ రెండు చేతులూ జల్లెడ పట్టినట్టు ఆడిస్తోంది. కొబ్బరితోట పెద్దాయన బెల్టు కూడా విప్పకుండా, కళ్లార్పకుండా చూస్తున్నాడు.

దిగాలమ్మా, వచ్చేశాం అంది హైమవతి.

పోలమ్మ తల తిప్పకుండానే చెయ్యి అడ్డం పెట్టింది.

"కూకోయే కాసేపు. ఇంకా మంచులోంచి బయటికి రానేదు."